అక్షరాలు 819, మాండలికాలు ఆరు: యీ ప్రజల భాషా చరిత్ర మనకు చెప్పేది



ఈమధ్య మన యువజన సమావేశం ఎక్కడ జరిగినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తోంది. “మన భాషను ఏ లిపిలో రాయాలి?” తెలుగు లిపి చాలని ఒకరంటారు. గుంజాల లిపే మనదని ఇంకొకరంటారు. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన చుట్టాలు దేవనాగరి అంటారు. దాని వెనకాలే ఇంకో ప్రశ్న తోసుకొస్తుంది. “రాస్తే ఎవరి మాట రాయాలి? మీ వైపు మాటా, మా వైపు మాటా?” అక్కడితో గొంతులు లేస్తాయి. సభ ముగుస్తుంది, ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

ఈ ప్రశ్న ప్రపంచంలో మనకొక్కరికే ఎదురైంది కాదు. చైనా నైరుతి కొండల్లో యీ అనే జాతి ప్రజలున్నారు. వాళ్లకు సొంత లిపి ఉంది. అది వందల ఏళ్ల నాటిది. ఒక మాండలికం వాళ్లు ఇంకో మాండలికం వాళ్ల మాట అర్థం చేసుకోలేనంత వైవిధ్యం కూడా ఉంది. ఏ లిపి, ఎవరి మాట అన్న రెండు ప్రశ్నలనూ వాళ్లు మనకంటే ముందే ఎదుర్కొన్నారు. ఏం చేశారో, ఏం సాధించారో, ఏం పోగొట్టుకున్నారో తెలిస్తే మన చర్చకు కొంత వెలుగు దొరుకుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఎవరీ యీ ప్రజలు?

చైనా ప్రభుత్వం హాన్ జాతితో పాటు 55 అల్పసంఖ్యాక జాతులను గుర్తించింది. వాటిలో పెద్దవాటిలో యీ ఒకటి. 2010 జనగణన ప్రకారం వీరి జనాభా 87 లక్షలు. యున్నాన్, సిచువాన్, గుయిఝౌ రాష్ట్రాల కొండల్లో ఎక్కువగా, గ్వాంగ్‌షీలో కొద్దిగా ఉంటారు. సరిహద్దు దాటితే వియత్నాంలో ‘లోలో’ పేరుతో వీరి బంధువర్గం కనిపిస్తుంది. సిచువాన్‌లోని లియాంగ్‌షాన్ ప్రాంతం వీరికి గుండెకాయ లాంటిది. ఆ పేరుకు ‘చల్లని కొండలు’ అని అర్థం. బంగాళదుంప, బక్‌వీట్ అనే కొండ ధాన్యం అక్కడి ప్రధాన ఆహారం.

‘యీ’ అనేది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు. లియాంగ్‌షాన్ వాళ్లు తమను తాము ‘నువొసు’ అనుకుంటారు. ఇతర ప్రాంతాల వాళ్లు నాసు, నిసు, సాని, లాలో, లోలోపో అని రకరకాలుగా చెప్పుకుంటారు. చైనీయులు పూర్వం వీరిని ‘లోలో’ అని చులకనగా పిలిచేవారు. ‘యీ’ అని రాసే పాత చైనీస్ అక్షరానికి ‘అనాగరికుడు’ అనే అర్థం ఉండేది. 1950ల దశకంలో దాన్ని మార్చి, అదే ఉచ్చారణతో ‘పూజాపాత్ర’ అనే అర్థమున్న వేరే అక్షరం పెట్టారు. పలికే పేరు అదే, రాసే అక్షరం మారింది, దానితో గౌరవం మారింది. మనల్ని లోకం గోండులు అంటుంది, మనం కోయితూర్ అనుకుంటాం. కాబట్టి ఈ సంగతి మనకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒక పేరు కింద ఎన్ని భాషలు?

1953లో చైనాలో జనగణన చేసినప్పుడు మీ జాతి పేరేమిటని అడిగితే జనం 400కు పైగా పేర్లు చెప్పారు. అందులో 200కు పైగా ఒక్క యున్నాన్ రాష్ట్రం నుంచే వచ్చాయి. అన్నింటినీ విడివిడిగా గుర్తించలేమని పండితులు, అధికారులు కలిసి ఆ పేర్లను గుంపులుగా చేర్చారు. అలా చాలా గుంపులు ‘యీ’ అనే ఒక్క పేరు కిందికి వచ్చాయి.

ఆ గొడుగు కింద ఉన్న భాషను ఆరు మాండలికాలుగా లెక్కిస్తారు. ఉత్తర, తూర్పు, దక్షిణ, ఆగ్నేయ, పడమర, మధ్య మాండలికాలు. నువొసు ఉత్తరానిది. నాసు తూర్పుది. నిసు దక్షిణానిది. సాని ఆగ్నేయానిది. లాలో పడమరది. లోలోపో మధ్యది. మాండలికం అనగానే మనం ఆదిలాబాద్ తెలుగు, శ్రీకాకుళం తెలుగు లాంటి తేడా ఊహించుకుంటాం. ఇక్కడ అలా కాదు. నువొసు మాట్లాడే మనిషి, లోలోపో మాట్లాడే మనిషి ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకుంటే సంభాషణ సాగదు. అందుకే చాలామంది భాషా శాస్త్రవేత్తలు వీటిని వేర్వేరు భాషలుగానే లెక్కిస్తారు. మధ్య మాండలికంలోని లిపో అయితే నువొసు కంటే లీసు భాషకే దగ్గర. కానీ లీసు వాళ్లను ప్రభుత్వం వేరే జాతిగా గుర్తించింది. ప్రభుత్వం గీసిన గీత ఒకటి, భాష గీసుకున్న గీత ఇంకొకటి.

వీటన్నిటిదీ టిబెటో–బర్మన్ కుటుంబం. బర్మీస్ భాషకు దగ్గర చుట్టం, మన దేశంలోని మణిపురి, మిజో భాషలకు దూరపు చుట్టం. మన గోండి, కోయ, కువి, కోలామి భాషలు ద్రావిడ కుటుంబానివి. సవరది ముండా శాఖ. అంటే యీ భాషతో మనకు రక్తసంబంధం లేదు. ఉన్నదల్లా ఒకే రకమైన కష్టం.

పిమోల చేతిలో పుస్తకం

యీ సమాజంలో పూజలు చేసేవారిని, గ్రంథాలు చదివేవారిని పుస్తకాల్లో ‘బిమో’ అని రాస్తారు. రోమన్ అక్షరాల్లో రాసిన ‘బి’ని చూసి మనం అలా చదువుతాం గానీ, వాళ్ల నోట ఆ మాట మన ‘పిమో’ లాగే ఉంటుంది. పుట్టుక, పెళ్లి, జబ్బు, చావు, ఏ సందర్భానికైనా పిమో వచ్చి చేతిరాత గ్రంథం విప్పి రాగంతో చదువుతాడు. ఈ విద్య తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. సృష్టి ఎలా మొదలైందో చెప్పే ‘హ్నెవో తెయి’ లాంటి గ్రంథాలు ఇలాగే నిలిచాయి. ‘తెయి’ అంటే పుస్తకం.

ఈ లిపి ఎంత పాతదన్న దానిమీద వాదాలున్నాయి. తేదీతో సహా దొరికిన పాత ఆధారాల్లో గుయిఝౌలోని ఒక కంచు గంట ముఖ్యమైనది. దానిమీద చైనీస్, యీ రెండు లిపుల్లోనూ రాత ఉంది. దాని సంవత్సరం 1485. అప్పటికే యీ లిపి గంటమీద పోత పోసేంత గౌరవం సంపాదించుకుందన్న మాట.

పాత లిపిలో గుర్తులు వేల సంఖ్యలో ఉండేవి. ఒక్కో గుర్తు ఒక్కో మాటకు నిలిచేది. ప్రాంతం మారితే గుర్తు ఆకారం మారేది. ఒకే గుర్తును యున్నాన్‌లో నిలువుగా రాస్తే, సిచువాన్‌లో పక్కకు పడుకోబెట్టినట్టు పావు చుట్టు తిప్పి రాసేవారు. ఒక పిమో రాసింది దూరపు పిమో చదవడం కష్టమయ్యేది.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ఉండలేను. పిమోలు మగవాళ్లే. లియాంగ్‌షాన్‌లో ‘సుని’ అనే ఇంకో రకం పూజారులున్నారు. వాళ్లలో ఆడవాళ్లూ ఉంటారు. కానీ సునిల చేతిలో ఉండేది డప్పు, పుస్తకం కాదు. లిపి ఉన్న జాతి అని మనం గొప్పగా చెప్పుకునే చోట కూడా ఆ లిపి ఊళ్లో ఏ కొద్దిమంది చేతుల్లోనో ఉండేది. లిపి ఉండటం వేరు, చదువు ఉండటం వేరు. ఆడపిల్లల హాస్టల్‌లో పనిచేసేదాన్ని కాబట్టి ఈ తేడా నాకు కాస్త గట్టిగానే కనిపిస్తుంది.

లిపిని మార్చబోయిన వాళ్లు, దిద్దిన వాళ్లు

బయటివాళ్లు ఈ భాషను గమనించడం వంద ఏళ్ల కిందటే మొదలైంది. పాల్ వియాల్ అనే ఫ్రెంచి మతప్రచారకుడు సాని వాళ్ల మధ్య ఉండి 1909లో ఫ్రెంచి–లోలో నిఘంటువు అచ్చు వేయించాడు. భూగర్భ శాస్త్రవేత్త డింగ్ వెన్‌జియాంగ్ ఒక పిమో సాయంతో గుయిఝౌ గ్రంథాలను సేకరించగా, ఆ సంకలనం 1936లో వెలువడింది.

1950ల దశకంలో కొత్త ప్రభుత్వం చదువు త్వరగా వ్యాపించాలని లియాంగ్‌షాన్ కోసం రోమన్ అక్షరాలతో ఒక లిపి తయారు చేయించింది. లెక్క ప్రకారం అది సులువు. 26 అక్షరాలు నేర్చుకుంటే చాలు. అయినా జనం దాన్ని సొంతం చేసుకోలేదు, కొన్నేళ్లకే అది మూలపడింది. పాత లిపి చదవడం రాకపోయినా అది తమ తాతలదని వాళ్లకు తెలుసు. సులువైనదంతా మనదైపోదు.

ఆ తర్వాత సాంస్కృతిక విప్లవం రోజులు వచ్చాయి. పిమోల పూజలను మూఢనమ్మకమన్నారు. గ్రంథాలు తగలబెట్టారు. కొందరు వాటిని దాచి కాపాడారు.

1974లో లియాంగ్‌షాన్‌లో పాత లిపినే దిద్ది వాడుకోవాలని ముసాయిదా తయారైంది. వేల గుర్తుల్లోంచి 819 ఎంచుకున్నారు. ఒక్కో గుర్తుకు ఒక్క ధ్వని, ఒక్క ధ్వనికి ఒక్కటే గుర్తు అని నియమం పెట్టారు. మాటకు నిలిచిన గుర్తు ధ్వనికి నిలిచే గుర్తుగా మారింది. మనలాగే ఎడమ నుంచి కుడికి రాయడం స్థిరపడింది. 1980లో చైనా కేంద్ర ప్రభుత్వం దీన్ని ఆమోదించింది. ఆ తర్వాత వయోజనులకు చదువు చెప్పారు, పత్రికలు వేశారు, బడి పుస్తకాలు తెచ్చారు. పిమోల ఇళ్లలో ఉన్న అక్షరం మామూలు రైతు ఇంటికి, ఆడపిల్ల చేతికి వచ్చింది. ఇది చిన్న విజయం కాదు.

ఆ ధ్వనులు ఎలాంటివి?

819 గుర్తులెందుకని మీకు అనిపించవచ్చు. మన అక్షరమాల 56తో సరిపోతుంది కదా. కారణం వాళ్ల ధ్వనుల్లోనే ఉంది.

తెలుగులో ‘క’ నేర్చుకున్న పిల్లవాడు తలకట్టు తీసి గుడి పెడితే ‘కి’ అవుతుందని, కొమ్ము పెడితే ‘కు’ అవుతుందని తెలుసుకుంటాడు. అదే గుణింతం. యీ లిపిలో గుణింతం లేదు. ‘క’ ఒక గుర్తు, ‘కి’ ఇంకో గుర్తు, ‘కు’ మరో గుర్తు. ఒకదానికొకటి పోలిక ఉండదు. ప్రతి పలుకునూ విడిగా గుర్తుపెట్టుకోవాలి.

పైగా నువొసు భాషలో స్వరస్థాయి మారితే మాట మారిపోతుంది. నాలుగు స్థాయిలున్నాయి: ఎత్తు, మధ్యకు కొంచెం పైన, మధ్య, కిందికి దిగేది. ‘ఫు’ అని ఎత్తు స్వరంలో పలికితే ఆరు. ‘గు’ అని మధ్య స్వరంలో పలికితే తొమ్మిది. ‘ఞి’ అని గొంతు దించి పలికితే రెండు. పాటలో రాగం తప్పితే పాట చెడుతుంది. అక్కడ రాగం తప్పితే అర్థమే చెడుతుంది. అందుకే ఒకే పలుకుకు స్వరాన్నిబట్టి వేర్వేరు గుర్తులు. ‘మధ్యకు కొంచెం పైన’ అనే స్వరానికి మాత్రం వేరే గుర్తు పెట్టలేదు. అది చాలాసార్లు పక్క మాట ప్రభావంతో పుడుతుంది కాబట్టి, ఉన్న గుర్తు మీదే చిన్న వంపుగీత పెట్టి ఊరుకున్నారు.

హల్లుల సంగతి ఇంకా ఆసక్తికరం. మనకు ప, ఫ, బ, భ ఉన్నాయి. వాళ్లకు ప, ఫ, బ ఉన్నాయి, ‘భ’ లేదు. దాని బదులు ముక్కుతో మొదలయ్యే ‘మ్బ’ ఉంది. అది కూడా ఒకే హల్లు. మామూలు ‘మ’, ‘న’లతో పాటు, ముందు ముక్కులోంచి గాలి వదిలి పలికే ‘హ్మ’, ‘హ్న’ కూడా ఉన్నాయి. పైన చెప్పిన ‘హ్నెవో’లో ఉన్నది అదే. మొత్తం హల్లులు 43, అచ్చులు పది. కొన్ని అచ్చులు తుమ్మెద ఝుంకారంలా ఉంటాయి. ఏ పలుకూ హల్లుతో ముగియదు. ఆ విషయంలో మన తెలుగుకు దగ్గర.

వాక్యం కూడా మన వరుసే. ‘ఙ ద్జ ద్జు’ అంటే ‘నేను అన్నం తింటాను’. కర్త, కర్మ, క్రియ, మాటకు మాట సరిపోతుంది. ప్రశ్న అడిగే పద్ధతి మాత్రం వేరు. మనం ‘తింటావు’ను ‘తింటావా’ అని సాగదీస్తాం. వాళ్లు క్రియ చివరి పలుకును రెండోసారి పలుకుతారు. అదే ప్రశ్న. ఈ రెట్టింపు మాటిమాటికీ వస్తుంది కాబట్టి, ముందు గుర్తును మళ్లీ చదవమని చెప్పే ప్రత్యేక గుర్తు ఒకటి లిపిలో పెట్టుకున్నారు. తమ నోటిని గమనించుకుని చేసుకున్న లిపి ఎలా ఉంటుందో ఈ ఒక్క గుర్తు చెబుతుంది.

అందరి లిపి అయిందా?

ఇప్పుడు అసలు చిక్కు. ఈ 819 గుర్తులు ఎవరి ధ్వనులకు? ఉత్తర మాండలికానికి, అంటే నువొసుకు. నువొసులోనూ పలు యాసలున్నాయి. వాటిలో షెంగ్‌జా యాసను ఎంచి, షీదె అనే ప్రాంతపు ఉచ్చారణను ప్రమాణంగా పెట్టారు. ఆ యాస వాళ్లకు రాత నోటికి సరిపోయింది. పక్క యాసల వాళ్లు కొంచెం సర్దుకున్నారు. మిగతా అయిదు మాండలికాల వాళ్లకు అది పరాయి భాష ధ్వని పట్టికే.

అందుకే యున్నాన్ వాళ్లు ఆ దారిన పోలేదు. 1980ల దశకంలో వాళ్లు తమకు వేరే ప్రమాణ లిపి చేసుకున్నారు. అందులో ముఖ్యంగా గుర్తు అర్థానికి నిలుస్తుంది, ఉచ్చారణ ఎవరిది వారిదే. ‘4’ అని అంకె వేస్తే తెలుగువారు ‘నాలుగు’ అని, గోండులు ‘నాలుంగ్’ అని, హిందీవారు ‘చార్’ అని చదువుకున్నట్టు. ఇది అన్ని మాండలికాలనూ కలుపుకుంటుంది. కానీ నేర్చుకోవాల్సిన గుర్తులు ఎక్కువ, పిల్లవాడి నోటి మాటకూ గుర్తుకూ నేరుగా సంబంధం తక్కువ. తూర్పు నాసు వాళ్లలో కొందరు మిషనరీ శామ్యూల్ పొలార్డ్ పక్కనున్న మియావో ప్రజల కోసం చేసిన లిపిని దిద్ది వాడుకున్నారు.

అంటే ఒకే జాతి, ఇన్ని దారులు. ధ్వనిని పట్టుకుంటే ఒక మాండలికమే గెలుస్తుంది. అర్థాన్ని పట్టుకుంటే అందరూ వస్తారు గానీ చదువు బరువవుతుంది. ఖర్చు లేని దారి అంటూ లేదు. నాయకులెవరైనా ‘ఒక్క లిపి పెడితే అంతా ఒక్కటైపోతాం’ అంటే ఈ చరిత్ర గుర్తు చేసుకోండి.

లిపి బతికితే భాష బతికినట్టేనా?

1999లో లియాంగ్‌షాన్ లిపి యూనికోడ్‌లో చేరింది. వంపుగీత గుర్తులతో కలిపి 1,165 సంకేతాలు. మన చేతుల్లోని ఫోన్లలో ఆ లిపికి చోటు దొరికి పాతికేళ్లు దాటింది. ఆకు వువు లాంటి కవులు నువొసులో రాసి పేరు తెచ్చుకున్నారు. లియాంగ్‌షాన్ బడుల్లో రెండు పద్ధతులు నడిచాయి. ఒకదాంట్లో పాఠాలన్నీ యీ భాషలో, చైనీస్ ఒక సబ్జెక్టు. రెండోదాంట్లో పాఠాలన్నీ చైనీస్‌లో, యీ ఒక సబ్జెక్టు. పరీక్షలూ ఉద్యోగాలూ చైనీస్‌లో ఉంటే తల్లిదండ్రులు పిల్లల్ని ఎటు పంపుతారో మీరే ఊహించండి. రెండో పద్ధతే పెరిగింది. 2018 నుంచి లియాంగ్‌షాన్‌లో పిల్లలు బడిలో చేరకముందే చైనీస్ మాట్లాడేలా చేసే కార్యక్రమం మొదలైంది. 2021లో దేశమంతటా అల్పసంఖ్యాక ప్రాంతాల శిశు పాఠశాలల్లో చైనీస్ వాడాలని ఆదేశం వచ్చింది.

సొంత లిపి ఉంది, ప్రభుత్వ ఆమోదం ఉంది, యూనికోడ్ ఉంది, లక్షల మంది మాట్లాడేవాళ్లున్నారు. అయినా మూడేళ్ల పిల్లతో ఏ భాషలో మాట్లాడుతున్నారన్న దగ్గరే భాష భవిష్యత్తు తేలుతోంది.

మన సంగతి

గోండికి ఈరోజు యూనికోడ్‌లో రెండు లిపులున్నాయి. 1918లో మున్షీ మంగళ్‌సింగ్ మసారం రూపొందించిన మసారం గోండి లిపి 2017లో చేరింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామపు చేతిరాత ప్రతుల్లో దొరికిన గుంజాల గోండి లిపి 2018లో చేరింది. 1940లలో మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ చొరవతో వచ్చిన గోండి వాచకాలు దేవనాగరిలో ఉండేవి. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో వచ్చిన వాచకాలు తెలుగు లిపిలో ఉన్నాయి. 2011 జనగణనలో గోండి మాతృభాషగా చెప్పినవాళ్లు దాదాపు 30 లక్షలు. అయినా తెలంగాణ గోండి, బస్తర్ గోండి, మండ్లా గోండి ఒకేలా ఉండవు. యీ వాళ్ల కథ మనకు పొరుగింటి కథలా అనిపించేది ఇందుకే.

సవర విషయంలో గిడుగు రామమూర్తి గారు చూపిన వరుస నాకు ఎప్పుడూ ఆదర్శం. ఆయన ముందు సవరలతో కూర్చుని భాష నేర్చుకున్నారు. గొంతు టక్కున ఆగే ధ్వనిని, తెలుగు అక్షరాల్లో ఇమడని అచ్చులను చెవితో పట్టుకున్నారు. ఆ తర్వాతే 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. ముందు చెవి, తర్వాత చేయి.

మా హాస్టల్‌లో అయిదో తరగతిలో చేరిన పిల్లలు మొదటి నెల రాత్రిళ్లు తమ భాషలోనే గుసగుసలాడుకుంటారు. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి ఆ గుసగుసలు కూడా తెలుగులోకి మారిపోతాయి. వాళ్లకు ఎవరూ వద్దని చెప్పలేదు. అక్కడ ఆ భాషకు పని లేదు, అంతే. లిపి గురించి సభలో మనం ఎంత వాదించుకున్నా, ఆ గదిలో జరిగేది ఆగడం లేదు.

అందుకని మీకు మూడు పనులు చెబుతాను. ఒకటి, మీ ఊరి పెద్దవాళ్ల మాటలు, పర్ధాన్లు కిక్రి వాయిస్తూ చెప్పే కథలు ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది మొదట్లోనే పలికించండి. రెండు, ఏ లిపిలోనైనా సరే, మీకు వచ్చిన దాంట్లో రాయడం మొదలుపెట్టండి. పక్క ఊరి మాట వేరుగా ఉంటే కొట్టేయకండి, రెండూ రాసి ఊరి పేరు పక్కన పెట్టండి. యీ మాండలికాల్లో ఏది ఎక్కడ పలుకుతారో ఈరోజు మనం చదవగలుగుతున్నామంటే ఎవరో అలా రాసిపెట్టారు కాబట్టే. మూడు, ఇంట్లో చిన్నపిల్లలతో, హాస్టల్‌లో మీ జూనియర్లతో మన భాషలోనే మాట్లాడండి. లెక్కలు, సైన్సు కూడా ఆ భాషలో చెప్పి చూడండి. మాట దొరక్కపోతే పెద్దవాళ్లను అడగండి.

లిపి మీద చర్చ సాగనివ్వండి, అది అవసరమే. కానీ వచ్చే సమావేశానికి వాదనతో పాటు ఒక్కొక్కరు ఒక రికార్డింగు, ఒక పేజీ రాత పట్టుకుని రండి. ఏ లిపి కావాలో అప్పుడు ఆ పేజీలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.